మారియో మీసం వెనక కథ: క్యోటో నుంచి సిరిసిల్ల దాకా కొన్ని విశేషాలు

1990ల్లో జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు పెరిగిన పిల్లలకు మారియోను కొత్తగా పరిచయం చేయక్కర్లేదు. దుబాయి నుంచో మస్కట్ నుంచో సెలవు మీద ఇంటికొచ్చిన నాన్న, మేనమామ తెచ్చిన పెట్టెలో అత్తరు, కంబళి, టేప్ రికార్డరుతో పాటు అప్పుడప్పుడూ టీవీకి తగిలించే వీడియో గేమ్ కూడా ఉండేది. క్యాసెట్ పెట్టగానే ఎర్ర టోపీ, గుబురు మీసం ఉన్న ఓ పొట్టి మనిషి గెంతుతూ పరుగెత్తేవాడు. చుట్టుపక్కల పిల్లలంతా ఆ ఇంట్లోనే చేరేవారు. ఆ పొట్టి మనిషిని పుట్టించినాయన జపాన్‌కు చెందిన గేమ్ డిజైనర్, దర్శకుడు షిగెరు మియామోతో. ఆయన ప్రయాణంలోని విశేషాలతో పాటు, వాటికి దగ్గరగా ఉండే మన ప్రాంతపు విశేషాలు కూడా ఇక్కడ ఉన్నాయి.

టీవీ లేని బాల్యం

మియామోతో 1952 నవంబరు 16న క్యోటో ప్రాంతంలోని సోనోబె అనే చిన్న ఊళ్లో పుట్టారు. ఆయన చిన్నతనంలో ఇంట్లో టీవీ లేదు. పొలాలు, వాగులు, అడవి, గుట్టలే ఆట స్థలం. ఓసారి ఊరి దగ్గర ఒక గుహ కనబడింది. మొదట భయపడ్డా, తర్వాత లాంతరు పట్టుకుని లోపలికి వెళ్లి చూసొచ్చారు. పక్కింటి వాళ్ల కుక్క గొలుసు తెగేంత జోరుగా మీదికి దూకేది. కొన్నేళ్ల తర్వాత ఆ గుహ ‘జెల్డా’ ఆటలో పాతాళ గదులుగా మారింది. ఆ కుక్క మారియో ఆటల్లో గొలుసుకు కట్టిన నల్ల గుండై ఆటగాళ్ల మీదికి ఎగబడింది. ప్రపంచమంతా ఆడిన ఆటలకు ముడిసరుకు ఒక ఊరి పొలిమేరల్లో దొరికిందన్నమాట.

కొండగట్టు కథలో ఆట లక్షణాలన్నీ ఉన్నాయి

జగిత్యాల జిల్లా కొండగట్టు అంజన్న స్థల పురాణం ఈ వైపు వాళ్లందరికీ తెలుసు. సింగం సంజీవుడు అనే పశువుల కాపరి మందలో ఒక పశువు తప్పిపోతుంది. వెతికి వెతికి అలసిపోయి నిద్రపోతే కలలో స్వామి కనబడి తానున్న చోటు చెబుతాడు. లేచి పొదలు తొలగిస్తే స్వామి విగ్రహం దర్శనమిస్తుంది, పోయిన పశువూ దొరుకుతుంది. భక్తులకు ఇది పవిత్ర గాథ. కథలు అల్లేవాళ్లకు ఇందులో పాఠం కూడా ఉంది. పోగొట్టుకున్నది ఒకటి, తెలియని దారి, నడుమ ఒక సూచన, చివర అనుకున్నదానికన్నా పెద్ద ఫలం. చాలా సాహస గేములు ఈ వరసలోనే నడుస్తాయి.

పేకముక్కల కంపెనీ

మియామోతో జీవితమంతా పనిచేసిన నింటెండో కంపెనీ పుట్టింది కంప్యూటర్ల కాలంలో కాదు, 1889లో. ఫుసాజిరో యమౌచి అనే ఆయన క్యోటోలో పూల బొమ్మలుండే ‘హనఫుద’ ముక్కలను చేత్తో తయారు చేయించి అమ్మేవారు. మన వైపు గోదావరి దాటితే వచ్చే నిర్మల్ కూడా ఇలాంటి కళకు పేరుపడ్డదే. అక్కడి చిత్రకారులు గుండ్రటి గంజీఫా ముక్కల మీద దేవతల బొమ్మలు వేసేవారు. దశావతార గంజీఫా ఆటకు అవతారానికి 12 చొప్పున మొత్తం 120 ముక్కలు కావాలి. అక్కడ పేకముక్కల కంపెనీ బొమ్మల తయారీలోకి, ఆ తర్వాత వీడియో గేముల్లోకి నడిచి వెళ్లింది. ఇక్కడ ముక్కలు మ్యూజియాలకు చేరాయి. అయినా ఆ అవతారాల వరస, ఆ బొమ్మల రంగులు ఇప్పటికీ ఒక కొత్త ఆటకు పనికొస్తాయి.

ఉద్యోగం తెచ్చిపెట్టిన హ్యాంగర్లు

కనజావాలో పారిశ్రామిక డిజైన్ చదివిన మియామోతోకు పట్టా రావడానికి ఐదేళ్లు పట్టింది. బొమ్మల కథల చిత్రకారుడు కావాలన్నది ఆయన కోరిక. తండ్రికి తెలిసినవారి ద్వారా నింటెండో అధినేత హిరోషి యమౌచిని కలిశారు. కంపెనీకి కావలసింది ఇంజినీర్లు, బొమ్మలు వేసేవాళ్లు కాదని యమౌచి ముందే చెప్పేశారు. అయినా ఇంకోసారి వస్తానని చెప్పి, ఈసారి తాను చేసిన వస్తువులు పట్టుకెళ్లారు. వాటిలో చిన్నపిల్లల బట్టలు తగిలించే, జంతువుల ఆకారంలో ఉన్న చెక్క హ్యాంగర్లు ఉన్నాయి. 1977లో ఉద్యోగం దొరికింది. 

అమ్ముడుపోని 2,000 పెట్టెలు

1980లో నింటెండో ‘రాడార్ స్కోప్’ అనే ఆటను తయారుచేసింది. నాణెం వేసి ఆడే 3,000 పెట్టెలు అమెరికాకు తెప్పించారు. 1,000 అమ్ముడయ్యాయి, 2,000 గోదాములో ఉండిపోయాయి. ఆ పెట్టెల్లోనే పట్టే ఇంకో ఆటను కనిపెట్టే పని, అప్పటిదాకా ఒక్క ఆటైనా సొంతంగా రూపొందించని మియామోతోకు అప్పగించారు. ముందు పొపాయ్ కార్టూన్ పాత్రలతో చేద్దామనుకున్నారు, హక్కులు దొరకలేదు. దాంతో ఒక గొరిల్లా, ఒక వడ్రంగి, ఎత్తుకుపోయిన అమ్మాయి అనే కథ ఆయనే అల్లుకున్నారు. అదే 1981 నాటి ‘డాంకీ కాంగ్’. అమెరికాలోనే 60,000కు పైగా పెట్టెలు అమ్ముడయ్యాయి. మియామోతో కోడ్ రాసే మనిషి కారు. ఆట ఎలా ఉండాలో బొమ్మగీసి చెప్పడమే ఆయన పని.

ఆ పేరు ఎవరిది?

డాంకీ కాంగ్ హీరోకు మొదట పేరే లేదు, గెంతుతాడు కాబట్టి ‘జంప్‌మ్యాన్’ అన్నారు. అప్పట్లో అమెరికాలో నింటెండో అద్దెకున్న గోదాము యజమాని పేరు మారియో సెగాలే. అక్కడి ఉద్యోగులు ఆ పేరునే హీరోకు పెట్టేశారు. ఇంకో పేరుకూ ఇలాంటి చరిత్రే ఉంది. డాంకీ కాంగ్ తమ కింగ్ కాంగ్‌కు నకలని యూనివర్సల్ స్టూడియో దావా వేసినప్పుడు నింటెండో తరఫున వాదించి గెలిపించిన న్యాయవాది జాన్ కిర్బీ. తర్వాత వచ్చిన గులాబీ రంగు గుండ్రటి పాత్రకు కిర్బీ అని పేరు పెట్టడం వెనక ఆయన మీది గౌరవం కూడా ఉంది.

మీసం ఎందుకు పెట్టారంటే

డాంకీ కాంగ్‌లో మారియోకు దక్కిన చోటు నిలువు 16 గళ్లు, అడ్డం 16 గళ్లు. వాడుకోవడానికి మూడు రంగులు. అంత చిన్న ముఖంలో నోరు గీస్తే కనబడదు. అందుకని పెద్ద ముక్కు పెట్టి, దాని కింద మీసం పెట్టారు. గెంతేటప్పుడు జుట్టు ఎగరడం చూపించడం కష్టం, కాబట్టి తలకు టోపీ. పరుగెత్తేటప్పుడు చేతులు ఊగడం తెలియాలి, అందుకని చొక్కా ఒక రంగు, పైన వేసుకున్న పనివాళ్ల దుస్తులు ఇంకో రంగు. ఈనాడు ప్రపంచంలో ఏ మూలనైనా గుర్తుపట్టే ఆ రూపంలో అలంకారానికని పెట్టింది ఒక్కటీ లేదు. అన్నీ ఇరుకు చోటు నేర్పిన ఉపాయాలే.

సిరిసిల్ల డిజైనర్ చేతిలోని గళ్ల కాగితం

గళ్లు నింపి బొమ్మ తేవడం అంటే ఏమిటో సిరిసిల్లలో ఎవరూ చెప్పించుకోనక్కర్లేదు. చీర అంచుకు ఒక పువ్వు కావాలంటే డిజైనర్ ముందు గ్రాఫు కాగితం తీస్తాడు. నిలువు వరసలు పడుగు పోగులు, అడ్డం వరసలు పేక పోగులు. పడుగు పైకి లేవాల్సిన గడిని నింపుతాడు, లేవనక్కర్లేని గడిని వదిలేస్తాడు. రేకు వంపు తిరిగే చోట ఏ గడి నింపితే కళ్లకు గుండ్రంగా కనబడుతుందో చూసి చూసి సరిచేస్తాడు. జాకార్డు మగ్గమైతే ఆ గళ్ల ప్రకారం అట్టలకు రంధ్రాలు పడతాయి. అట్ట మారిన ప్రతిసారీ ఒక పేక పడి, పువ్వు ఒక వరస పెరుగుతుంది. 2017లో మొదలైన బతుకమ్మ చీరలు నేసిన సాంచాల (మరమగ్గాల) మీద అంచులు తేలింది కూడా గళ్ల లెక్కతోనే.

మియామోతో, ఆయన సహచరుడు తకాషి తెజుకా ‘సూపర్ మారియో బ్రదర్స్’ ఆటలోని ప్రతి గోడనూ, ప్రతి గుంటనూ గ్రాఫు కాగితాల మీదే చేత్తో గీశారు. వాటిని చూసి ప్రోగ్రామర్లు అంకెలుగా మార్చారు. పని ఒక్కటే, పోగుల స్థానంలో వెలుగు చుక్కలు వచ్చాయి.

క్యోటో కూడా నేతగాళ్ల ఊరే

నింటెండో పుట్టిన క్యోటోలో నిషిజిన్ అనే పేట పట్టు నేతకు శతాబ్దాలుగా ప్రసిద్ధి. 1872లో అక్కడి నేతగాళ్లు కొందరిని ఫ్రాన్సులోని లియోన్‌కు పంపి, జాకార్డు మగ్గం నేర్చుకుని తెచ్చుకున్నారు. జోసెఫ్ మరీ జాకార్డు ఆ మగ్గాన్ని 1804 ప్రాంతంలో రూపొందించారు. రంధ్రాల అట్టలతో యంత్రానికి ఆజ్ఞలివ్వవచ్చన్న ఆలోచనను తర్వాత చార్లెస్ బాబేజ్ తన లెక్కల యంత్రానికి తీసుకున్నారు. అంటే కంప్యూటర్ వంశవృక్షంలో మగ్గం ఒక ముత్తవ్వ. సాంచాల చప్పుడులో పెరిగిన సిరిసిల్ల పిల్లలు కంప్యూటర్ రంగానికి పరాయివాళ్లేమీ కాదు.

అగ్గిపెట్టెలో చీర, 40 కిలోబైట్లలో లోకం

సిరిసిల్ల చేనేత కళాకారుడు నల్ల పరంధాములు అగ్గిపెట్టెలో పట్టే చీర నేసి దేశమంతా పేరు తెచ్చుకున్నారు. కుమారుడు నల్ల విజయ్ ఆ విద్యను కొనసాగించారు. అదే జిల్లాకు చెందిన యెల్ది హరిప్రసాద్ తన చేతులతో జీ20 చిహ్నాన్ని నేసి పంపిస్తే, 2022 నవంబరులో ప్రధాని ‘మన్ కీ బాత్’లో ఆ సంగతి చెప్పారు.

1985 సెప్టెంబరు 13న విడుదలైన సూపర్ మారియో బ్రదర్స్ మొత్తం 40 కిలోబైట్లు. ఈ రోజు ఫోన్లో తీసే ఒక్క ఫొటో దానికి ఎన్నో రెట్లుంటుంది. 32 మెట్ల ఆట, శత్రువులు, కోజి కోండో సంగీతం అన్నీ అందులోనే సర్దారు. ఆకాశంలోని మేఘాన్ని, నేల మీది పొదను జాగ్రత్తగా చూడండి. రెండూ ఒకే బొమ్మ. రంగు మాత్రం మార్చారు. ఆ ఒక్క ఆటే 4 కోట్లకు పైగా అమ్ముడైంది. చోటు చిన్నదైతే కళ చిన్నబోదని క్యోటో, సిరిసిల్ల రెండూ నిరూపించాయి.

ఒక్క మాటా లేకుండా పాఠం

సూపర్ మారియో బ్రదర్స్ మొదటి పది క్షణాలు గుర్తు చేసుకోండి. మారియో తెర ఎడమ అంచున కుడివైపు చూస్తూ నిలబడి ఉంటాడు. కుడి వైపు ఖాళీ ఉంది కాబట్టి ఎవరైనా అటే నడిపిస్తారు. ముందునుంచి పుట్టగొడుగు ఆకారపు శత్రువు మెల్లగా వస్తాడు. తగిలితే ప్రాణం పోతుంది, మళ్లీ మొదలు. అప్పటికి పోయిందేమీ లేదు, మూడడుగులే. ఈసారి గెంతుతారు. గెంతితే పైనున్న ప్రశ్నార్థకం పెట్టెకు తల తగిలి నాణెం రాలుతుంది. ఇంకో పెట్టెలోంచి పుట్టగొడుగు బయటికొచ్చి, గొట్టానికి తగిలి వెనక్కి తిరిగి మారియో వైపే వస్తుంది. పైన ఇటుకలు అడ్డం ఉండటంతో తప్పించుకోవడం కష్టం. తగిలాక మారియో పెద్దవాడవుతాడు. అది మంచిదని అప్పుడు తెలుస్తుంది. ఇంగ్లిషు అక్షరం ముక్క రాని పిల్లలు కోరుట్లలో కూర్చుని ఎవరూ చెప్పకుండా ఆ ఆట నేర్చుకోగలిగారంటే కారణం ఈ అమరికే. మిగతా మెట్లన్నీ గీశాక, ఆటగాడి మనసు పూర్తిగా అర్థమయ్యాకే మియామోతో ఈ మొదటి భాగాన్ని తీర్చిదిద్దారు.

మూడు పులులు, పదిహేను మేకలు

ఆట సమతూకంగా ఉండాలంటే రెండు పక్షాలకూ సమాన బలం ఉండాలని అనుకుంటాం. పులి-మేక ఆట అలా కాదని ఎప్పుడో చెప్పింది. ఒక పక్క మూడే పులులు, దూకి చంపగలవు. ఇంకో పక్క పదిహేను మేకలు, చంపలేవు కానీ చుట్టుముట్టి కదలనీయకుండా చేయగలవు. బలాలు వేరు, గెలుపు దారులు వేరు, పోటీ మాత్రం సమానం. నేటి గేమ్ డిజైన్ తరగతుల్లో నేర్పే సూత్రమే ఇది. గుడి అరుగుల మీద, బండల మీద సుద్దముక్కతో గీసుకుని ఆడిన ఆటలో ఆ సూత్రం దాగి ఉంది. అష్టాచెమ్మా, దాడి, వామనగుంటలు, వైకుంఠపాళి ఒక్కొక్కటీ ఒక్కో నియమాల పుస్తకం. ఇంట్లో అవ్వను అడిగి ఆ నియమాలు రాసి పెట్టుకోవాలి. రాయకపోతే అవి వాళ్లతోనే మాయమవుతాయి.

జాతరలో అమ్మిన ఇటుకల ఆట

వేములవాడ జాతరకో కొండగట్టుకో వెళ్లినప్పుడు కొనిపించుకున్న చేతి ఆట ఒకటి గుర్తుందా? పైనుంచి ఇటుకలు పడుతుంటే తిప్పి పేర్చే ఆట. దాని అసలు రూపం ‘టెట్రిస్’, 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ తయారుచేశారు. దాన్ని అరచేతిలోకి తెచ్చి ప్రపంచానికి అలవాటు చేసింది 1989 నాటి నింటెండో ‘గేమ్ బాయ్’. దాని రూపకర్త గున్పే యోకోయి. మియామోతోకు తొలి రోజుల్లో గురువు స్థానంలో ఉన్నది ఈయనే. యోకోయి 1965లో ఆ కంపెనీలో చేరింది పేకముక్కల యంత్రాలు బాగుచేసే పనికి. కాలక్షేపానికి చేసుకున్న సాగే చెయ్యి బొమ్మను యజమాని చూసి, అమ్మకానికి పెట్టించారు. రైల్లో ఒకాయన విసుగు పుట్టి క్యాలిక్యులేటర్ మీటలు నొక్కుతుండటం చూసి యోకోయికి జేబులో పట్టే ఆటల ఆలోచన వచ్చింది. కొత్తగా వచ్చిన ఖరీదైన పరికరాల వెంట పడకుండా, చవగ్గా దొరికే పాత పరికరంతో కొత్త పని చేయించాలన్నది ఆయన జీవిత సూత్రం. పాత సాంచాకు డాబీ అనే పరికరం తగిలించి కొత్త అంచు తీసిన సిరిసిల్ల ఆసామికి ఈ సూత్రం చెప్పనక్కర్లేదు.

జగిత్యాల కోట ఒక సిద్ధమైన మ్యాపు

1986లో మియామోతో, తెజుకా కలిసి ‘ది లెజెండ్ ఆఫ్ జెల్డా’ తీసుకొచ్చారు. ఎటు పోవాలో ఎవరూ చెప్పరు, ఆటగాడే తిరిగి కనిపెట్టాలి. అమెరికాలో విడుదలైన క్యాసెట్‌లో చిన్న బ్యాటరీ పెట్టారు. దాంతో ఆపిన చోటునుంచే మర్నాడు ఆడుకోగలిగారు. ఈ ఆటలోని కోటలు తిరిగిన వాళ్లు జగిత్యాల కోటలో ఓ సాయంత్రం తిరిగి చూడాలి. 18వ శతాబ్దంలో యూరోపు పద్ధతిలో నక్షత్రం ఆకారంలో కట్టిన రాతి కోట అది. చుట్టూ కందకం, లోపల బురుజులు, ఫిరంగులు. నక్షత్రం కోణాల వల్ల ఒక బురుజు నుంచి ఇంకో బురుజు గోడ పాదం కనిపిస్తుంది, శత్రువు నక్కడానికి నీడ ఉండదు. ఆ కోణాలే ఒక ఆటకు చక్కటి చిక్కుముడి.

ఖాళీ గదిలో కుందేలు వెంట

1996లో ‘సూపర్ మారియో 64’కు మియామోతో దర్శకుడు. అప్పటిదాకా ఎక్కువగా అడ్డంగానే పరుగెత్తిన మారియో ఇందులో అన్ని దిక్కులా తిరిగాడు. కోటలు, కొండలు కట్టకముందు ఆయన బృందం నెలల తరబడి చేసిన పని ఒక్కటే. ఖాళీ చోటులో మారియో పరుగెత్తి కుందేలును పట్టుకోవాలి. పరుగు, మలుపు, గెంతు వేళ్లకు హాయిగా అనిపించేదాకా ఇంకేదీ మొదలుపెట్టలేదు. ఉట్టి పరుగులోనే సరదా లేకపోతే ఎన్ని హంగులు పెట్టినా ఆట నిలబడదని ఆయన నమ్మకం. పూర్తి కావొచ్చిన పనిని కూడా బాగోలేదంటే తిరగేసి మళ్లీ మొదలుపెట్టించే అలవాటు ఆయనకుంది. భోజనం బల్ల తిరగేశారని సహచరులు దానికి పేరు పెట్టుకున్నారు.

ఇంటి పనులే కొత్త ఆటలు

తోటపని మొదలుపెట్టి చీమల బారును గమనిస్తే ‘పిక్మిన్’ పుట్టింది, 2001లో. ఇంటికి కుక్కను తెచ్చుకున్నాక 2005లో ‘నింటెండాగ్స్’ వచ్చి 2 కోట్లకు పైగా అమ్ముడైంది. రోజూ బరువు చూసుకుని రాసుకునే అలవాటు 2007లో ‘వీ ఫిట్’ అయింది. ఏదైనా వస్తువు చూస్తే పొడవెంతో ఊహించి, తర్వాత టేపుతో కొలుచుకోవడం ఆయనకు సరదా. చూపుకు సాధన అలా చేస్తారన్నమాట. 2006లో వచ్చిన ‘వీ’ యంత్రంతో చెయ్యి ఊపితే బంతి కదిలే ఆటలు అవ్వాతాతలతో కూడా ఆడించాయి. ఆ యంత్రాలు 10 కోట్లకు పైగా అమ్ముడయ్యాయి.

బిరుదులు, పదవులు

1998లో అమెరికాలోని గేమింగ్ అకాడమీ తన కీర్తి మందిరంలోకి తీసుకున్న మొదటి వ్యక్తి మియామోతో. 2006లో ఫ్రాన్స్, 2012లో స్పెయిన్ గౌరవించాయి. 2019లో జపాన్ ప్రభుత్వం సంస్కృతికి విశేష సేవ చేసిన వ్యక్తిగా సత్కరించింది. వీడియో గేముల నుంచి ఆ గౌరవం పొందిన తొలి మనిషి ఆయనే. 2015లో కంపెనీ అధ్యక్షుడు సతోరు ఇవాతా కన్నుమూసినప్పుడు కొన్నాళ్లు బాధ్యతలు పంచుకున్నారు. 2023లో వచ్చిన సూపర్ మారియో యానిమేషన్ సినిమాకు నిర్మాతల్లో ఒకరు. అది 130 కోట్ల డాలర్లకు మించి వసూలు చేసింది.

మనవాళ్లు ఎక్కడున్నారు?

హైదరాబాద్‌లోని ఓగర్ హెడ్ స్టూడియో 2017లో ‘అసుర’ అనే ఆటను విడుదల చేసింది, మన పురాణ కథల ఛాయలతో. క్రికెట్ ఆట ‘హిట్‌వికెట్’ కూడా హైదరాబాద్‌దే. రాజీవ్ చిలక గ్రీన్ గోల్డ్ యానిమేషన్ 2001లో ఇక్కడే మొదలై, 2008లో ‘ఛోటా భీమ్’ను టీవీకి తెచ్చింది. హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల సారథ్యంలో మైక్రోసాఫ్ట్ 2014లో ‘మైన్‌క్రాఫ్ట్’ కంపెనీని, 2023లో గేమ్ సంస్థ యాక్టివిజన్ బ్లిజార్డ్‌ను కొన్నది. ఇక చదువుల సంగతికొస్తే, జపాన్ సాయంతో ప్రాంగణం కట్టుకున్న హైదరాబాద్ ఐఐటీలో డిజైన్ విభాగం ఉంది. కొండగట్టు దగ్గర నాచుపల్లిలో 2007 నుంచి జేఎన్టీయూ ఇంజినీరింగ్ కళాశాల నడుస్తోంది. సిరిసిల్లకూ జేఎన్టీయూ కళాశాల వచ్చింది.

మొదలుపెట్టడానికి ఏం కావాలి?

గళ్ల నోటుబుక్కు, పెన్సిలు. మియామోతో మారియో లోకాన్ని గీసింది వాటితోనే. కంప్యూటర్ దొరికితే ఆటలు తయారుచేసుకోవడానికి చిన్నపిల్లలకు ‘స్క్రాచ్’, పెద్దవాళ్లకు ‘గోడో’ ఉన్నాయి. రెండూ ఉచితమే. కథలకు గుట్టలు, కోటలు, జాతరలు ఉన్నాయి. నియమాలకు అవ్వలు ఆడిన ఆటలున్నాయి. గళ్లు నింపే నైపుణ్యం సిరిసిల్లలో వీధి వీధికీ ఉంది. దుబాయి పెట్టెలో ఇంటికొచ్చిన ఆటలు ఆడి మురిసిన తరం మనది. మన పిల్లలు తమ ఊరి మీద ఆట తయారుచేస్తామంటే మార్కుల పేరు చెప్పి ఆపకండి. కాగితం చేతికిచ్చి, మొదటి ఆట మీరే ఆడి, ఎక్కడ విసుగు పుట్టిందో నిజాయితీగా చెప్పండి. ఏ డిజైనర్‌కైనా మొదట కావలసింది అలా చెప్పే మనిషే.